వెదకు, వెతుకు, దేవులాడు

సందేహం: అయ్యా, సురవరం ప్రతాపరెడ్డి గారి 'గోల్కొండ కవుల సంచిక' కోసం మా అబ్బాయి డిజిటల్ లైబ్రరీ కేటలాగు తెరిచి చూస్తే 'ఫలితాలు లేవు' అని వచ్చింది. "సరిగ్గా వెతుకురా" అన్నాను. "వెతుకు కాదమ్మా, వెదకు. పద్యంల అట్లనే ఉన్నది" అని వాడు నాకే పాఠం చెప్పాడు. పక్క గదిలోంచి మా అత్తమ్మ "జర మంచిగ దేవులాడు బిడ్డా" అన్నది. తెర మీద చూస్తే 'శోధించు' అని ఉంది. ఈ నాలుగింటిలో ఏది ఒప్పు? ఆ పుస్తకం నిజంగానే అక్కడ లేదా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో ముగ్గురూ ఒప్పే. నాకు పేచీ అంతా ఆ తెరతోనే.

ముందు మీ అబ్బాయి చెప్పిన పద్యం. వాడు చెప్పింది పోతన గారిదే అయి ఉంటుంది. భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో అనే కందం, మన వైపు బడికి పోని వాళ్లకు కూడా నోటికి వచ్చేది: "ఇందుగలఁ డందు లేఁడని సందేహము వలదు చక్రి సర్వోపగతుం డెందెందు వెదకి చూచిన నందందే కలఁడు దానవాగ్రణి! వింటే." అచ్చు ప్రతుల్లో 'వెదకి' అనే ఉంటుంది. అందుకని 'వెతికి' తప్పు అనడానికి మాత్రం లేదు. ఈ పద్యానికి ప్రాస 'ంద'. ఇందు, సందేహము, డెందెందు, నందందే. 'వెదకి' ఆ ప్రాసస్థానంలో పడలేదు, యతిస్థానంలోనూ పడలేదు. పడి ఉంటే అక్షరానికి తాళం వేసినట్టు ఉండేది. పడలేదు కాబట్టి పోతన గారి నోట 'ద' పలికిందో 'త' పలికిందో ఛందస్సు సాక్ష్యం చెప్పదు. మిగిలిన ప్రాచీన కవుల వాడుకను బట్టి 'ద' అనే నేను నమ్ముతాను. నమ్మకం వేరు, రుజువు వేరు.

'ద' ఎట్లా 'త' అయింది? 'కు' ముందు ద పరుషంగా మారడం తెలుగుకు కొత్త కాదు. పాతవాళ్ల 'బ్రదుకు' మనకు 'బతుకు' అయింది. 'అదుకు' కాస్తా 'అతుకు' అయింది. 'వెదకు' కూడా ఆ దారినే పోయింది. ఇక నడిమి అచ్చు సంగతి: వెతకడం, వెతుకు, వెతికి. తర్వాత వచ్చే అచ్చును చూసి అది వేషం మారుస్తుంది. అడగడం, అడుగు, అడిగి కూడా అంతే. ఒక్క క్రియ, అరడజను రూపాలు. ఈ లెక్క గుర్తుంచుకోండి, మీ పుస్తకం గొడవలో పనికొస్తుంది.

పోతన గారిని ఇంకాస్త సేపు కూర్చోబెడతాను, ఏమీ అనుకోకండి. ఆయన 'వెదకిన' అని ఊరుకోలేదు, 'వెదకి చూచిన' అన్నాడు. ఈ 'చూచు' కంటితో చూడడం కాదు. తిని చూడు, అడిగి చూడు, ఎత్తి చూడు అంటామే, ఆ చూడు. ప్రయత్నం చెయ్యి, ఏమవుతుందో కనుక్కో అని. ఒక్క సహాయక్రియతో పని మొత్తానికి పరీక్ష లక్షణం వచ్చేసింది. పైగా 'ఎందు' అని ఒక్కసారి అనలేదు, 'ఎందెందు' అన్నాడు. చోటు మార్చి మార్చి చూడమని. ఈ రెండు సంగతులూ మీ అబ్బాయికి చెప్పండి. ఒకే పెట్టెలో ఒకే మాట ఒకేసారి కొట్టి 'లేదు' అని ఫోను పక్కన పడేయడం వెదకడమూ కాదు, చూడడమూ కాదు. ఇప్పటి పిల్లలు దాన్ని 'సర్చ్ కొట్టడం' అంటున్నారు. నిజమే, కొట్టడమే అది.

ఇక మీ అత్తమ్మగారి మాట. నాలుగింటిలో నాకు ప్రాణమైనది ఇదే. 'దేవు' అన్న క్రియ ఇప్పుడు ఎక్కువగా వంటింట్లోనే బతికి ఉంది. కాగే నూనెలోంచి గారెలను జల్లిగంటెతో దేవుతారు. పైకి కనబడని దాన్ని అడుగు నుంచి కూడదీసి ఎత్తడం. దానికి 'ఆడు' చేరింది. మాటలు ఆడితే మాట్లాడడం, కొట్టులు ఆడితే కొట్లాడడం అయినట్టే దేవులు ఆడితే దేవులాడడం. ఒక్క దేవు కాదు, పది దేవులు. చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ ఇంకో పక్క పెట్టి చూడడం ఆ మాటలోనే ఉంది. 'తడుములాట', 'వెతుకులాట' దీనికి చుట్టాలు. చాలా ఏండ్ల కింద పాలమూరులో నా తరగతిలో ఒక పిల్లవాడు 'దేవులాడు' అంటే పోయిన వస్తువు కోసం దేవుళ్లకు మొక్కుకుంటూ తిరగడం అని రాశాడు. సున్నా వేయవలసింది, చేయి రాక సగం మార్కు వేశాను. మా తరగతి గదుల్లో మాత్రం ఈ మాట అంటే 'పల్లెటూరి మాట' అని ఎర్రసిరాతో కొట్టేసిన పంతుళ్లూ ఉన్నారు. పక్కన 'అన్వేషించు' అని దిద్దేవారు. పిల్లవాడు పోయిన పలకను అన్వేషించాలట!

'శోధించు' సంగతి. దాని ధాతువుకు అసలు అర్థం శుద్ధి చేయడం. ఆయుర్వేద వైద్యులు పాదరసాన్ని శోధిస్తారు. క్రైస్తవుల ప్రార్థనలో 'శోధన' అంటే పరీక్ష. వెదకడం అన్న అర్థం కూడా నిఘంటువుల్లో ఉంది, కాదనను. కానీ పుస్తకాన్ని శోధించాలంటే ముందు అది చేతికి దొరకాలి కదా. తెర మీద 'వెతకండి' అని రాస్తే ఎవరికి నష్టమో నాకు అర్థం కాదు. 'సోదా' పోలీసులది, 'తలాషీ' నిజాం కాలపు పోలీసులది. వాటిని అక్కడే ఉంచుదాం.

ఇప్పుడు మీ పుస్తకం. అమ్మా, అది 'గోల్కొండ' కాదు, 'గోలకొండ కవుల సంచిక'. 1926లో మొదలైన ఆయన పత్రిక కూడా 'గోలకొండ పత్రిక'. మనుషులకు ఈ రెండూ ఒకటే. యంత్రానికి 'ల'కూ 'ల్'కూ మధ్య కృష్ణ పారుతుంది. నల్లగొండ, నల్గొండ కూడా ఇంతే. నల్ల, కొండ కలిస్తే క గ అయి నల్లగొండ అవుతుంది, నేను అట్లాగే రాస్తాను. బస్సుల నుదుట 'నల్గొండ' అని చూసినప్పుడల్లా నాకు కాస్త చురుక్కుమంటుంది. వెదికేటప్పుడు మాత్రం నా పట్టింపు పక్కన పెట్టి రెండూ కొడతాను. (గోలకొండలో మాత్రం క గ ఎందుకు కాలేదని అడుగుతారేమో. అది ఇంకో ఉత్తరానికి దాచండి.)

మహబూబ్‌నగర్ సంగతి ఇంకా విచిత్రం. 'బ్'కూ 'న'కూ నడుమ కంటికి కనిపించని ఒక విభజన గుర్తు కొడితేనే అవి విడివిడిగా కనబడతాయి. కొందరు దాని బదులు ఖాళీ వదులుతారు. కొందరు ఏదీ లేక 'మహబూబ్నగర్' అని న వత్తు తగిలిస్తారు. పాతవాళ్లు 'మహబూబునగరము' అని అజంతం చేశారు, అంటే పొల్లు తీసి అచ్చు చేర్చారు. నాలుగూ నాలుగు ఊళ్ల కింద లెక్క. ఇక 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారు నడిపిన 'నీలగిరి' పత్రిక కోసం ఆ ఒక్క మాటా కొడితే తమిళదేశపు కొండలు వస్తాయి, తైలం వస్తుంది, పత్రిక రాదు. పక్కన ఊరి పేరో సంపాదకుడి పేరో జోడించాలి. ఆ పేరు కూడా షబ్నవీసు, షబ్నవీస్ అని రెండు తీర్ల ఉంటుంది.

మన డిజిటల్ లైబ్రరీల్లో పాత పుస్తకాల పేర్లు చాలావరకు రోమన్ లిపిలో ఎక్కించారు. ఎక్కించినవాళ్లు ఎవరి చెవికి తోచినట్టు వాళ్లు రాశారు. 'ఆంధ్ర' మొదటి దీర్ఘానికి ఒకరు ఒక అక్షరం వేస్తే, ఇంకొకరు రెండు వేశారు. కాబట్టి తెలుగులో రాకపోతే రోమన్‌లో కొట్టండి, హ్రస్వం, దీర్ఘం మార్చి మళ్లీ కొట్టండి. పేరంతా కొట్టకండి. 'చరిత్ర', 'చరిత్రం', 'చరిత్రము' అని తోక మారుతూ ఉంటుంది కనుక తోక వదిలి మొదలు కొట్టడం మేలు. సమాసం ఇంకో చిక్కు. పాత ముఖపత్రం మీద 'శ్రీమదాంధ్రమహాభాగవతము' అని ఒకే ముద్దగా ఉంటే, మాట మొదటి నుంచి పోల్చే కేటలాగుకు 'భాగవతం' అంటే తెలియదు. పైన చెప్పిన పద్యంలోనే 'ఎందెందు' అన్న మాట సంధిలో పడి 'డెందెందు' అయింది చూడండి. రచయిత పేరు కూడా 'సురవరం ప్రతాపరెడ్డి', 'ప్రతాపరెడ్డి, సురవరం', 'ప్రతాప రెడ్డి' అని మూడు విధాల చూడాలి. ఇంటిపేరు ముందో వెనుకో అన్న తగువు మనది, దానికి శిక్ష పుస్తకానికి పడుతోంది.

అసలు ఆ సంచిక పుట్టుకే ఇట్లాంటి 'లేదు'కు జవాబు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకరు రాస్తే, మా పాలమూరు జిల్లా మనిషి ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవుల రచనలు కూర్చి అచ్చువేశారు. లేరన్నాయన దేవులాడలేదు, ఈయన దేవులాడాడు. మీ ఫోను చెప్పిన 'ఫలితాలు లేవు' అన్న మాటను కూడా నేను అంతవరకే నమ్ముతాను. ఆ అక్షరాలతో నాకు కనబడలేదు అని దాని అర్థం, పుస్తకం లేదని కాదు. నిజంగానే ఆ ఒక్క కేటలాగులో లేకపోవచ్చు కూడా. అప్పుడు ఇంకొకటి తెరవండి.

ఇక తీర్పు అడిగారు. రాతలో 'వెదకు' అన్నా 'వెతుకు' అన్నా నేను దిద్దను. ఒకే పేరాలో రెండూ రాస్తే దిద్దుతాను, అదీ పెన్సిలుతో (పైన నేనే రెండూ కలిపి రాశాను, అది ఉదాహరణల కోసం అనుకోండి). 'దేవులాడు' రాతలోకి రావాలని నా కోరిక, వస్తుందో రాదో చెప్పలేను. మీ అత్తమ్మగారిని నా తరఫున ఒకటి అడిగి రాయండి: బాయిలో పడ్డ బొక్కెనను వెదకడానికీ, ఇంట్లో పోయిన తాళంచెవిని వెదకడానికీ ఆమె చిన్నప్పుడు దేవులాడుడు అనే అన్నారా, లేక బాయికి వేరే మాట ఉండేదా?