షెడ్డులో పెట్టిన విమానం దెబ్బతింటే ఎవరు బాధ్యులు?

ప్రశ్న: మాది కడప. నా రెండు సీట్ల చిన్న విమానాన్ని కర్నూలు దగ్గర ఒకాయన షెడ్డులో నెల బాడుగకు పెట్టాను. మే నెల గాలివానకు కట్టిన తాడు తెగి రెక్క కొన గోడకు తగిలింది. తనకు సంబంధం లేదంటున్నాడు. పైగా మూడు నెలల బాకీ కట్టేదాకా విమానాన్ని కదలనివ్వనంటున్నాడు. బాగుచేయించాక దాన్ని గంటల లెక్కన బాడుగకు ఇవ్వొచ్చా?

జవాబు: షెడ్డు తాళం ఎవరి దగ్గర ఉంటుందో మీరు రాయలేదు. మీ కేసు నిలబడేది దాని మీదే. తాళం ఆయన దగ్గరుండి, మీరు వెళ్లినప్పుడల్లా ఆయన మనిషే తలుపు తీస్తుంటే, విమానాన్ని ఆయనకు అప్పగించినట్టే. కాంట్రాక్టు చట్టం, 1872లో దీన్ని బెయిల్‌మెంట్ అంటారు. 151వ సెక్షన్ ప్రకారం, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొత్తును చూసుకున్నంత జాగ్రత్తగా ఆయన చూసుకోవాలి. తాళం మీ దగ్గరే ఉండి, ఆయన జాగా మాత్రమే ఇచ్చి ఉంటే అది ఉత్త స్థలం బాడుగ. అప్పుడు కట్లు సరిచూసుకోవాల్సింది మీరే.

విమానం ఆయన అప్పగింతలో ఉంటే, తగిన జాగ్రత్త తీసుకున్నానని ఆయనే రుజువు చేసుకోవాలి. ఎండాకాలం చివర ఈదురుగాలులు మన సీమలో ఏటా వచ్చేవే కాబట్టి ‘దైవికం’ అంటే సరిపోదు. రెండు రెక్కలకూ తోకకూ, మూడు చోట్లా కట్టారా, తలుపు మూశారా అన్నది కోర్టు చూస్తుంది. తెగిన తాడు ముక్కను దయచేసి పారేయకండి. కొసన పోగులు ఎండకు పెళుసుబారి రాలుతుంటే, ముందే మార్చాల్సిన తాడని అదే చెబుతుంది. ఫొటోలు తీసిన ఫోనును కూడా దాచండి. కోర్టులో ఆ ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయాలి.

బాకీ సంగతిలో ఆయన వాదన బలహీనం. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ కింద వస్తువును పట్టి ఉంచే హక్కు, దాని మీద పనితనం చూపినవాళ్లకే. ఇంజిన్ బాగుచేసిన మెకానిక్ కూలి ముట్టేదాకా ఆపుకోవచ్చు, ఊరికే నీడనిచ్చినవాడు ఆపలేడు. మీ ఒప్పందంలో అలా రాసి ఉంటే మాత్రం వేరు. అయినా నా సలహా, ‘నా హక్కులకు భంగం లేకుండా’ అని రాసి బాకీ కట్టి విమానాన్ని తెచ్చుకోండి. నెలల తరబడి దుమ్ములో, ఎలుకల మధ్య ఉంటే వైర్లు, గొట్టాలు పాడై అంతకన్నా ఎక్కువే పోతుంది. ఆయన డబ్బు తీసుకునేటప్పుడు ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే కాగితం ముందుపెడితే సంతకం చేయొద్దు. చేస్తే ఆయన నుంచి రాబట్టుకునే దారి మీకే కాదు, బీమా కంపెనీకీ మూసుకుపోతుంది. అది చూపి వాళ్లు మీ క్లెయిమ్‌కే అడ్డం చెప్పొచ్చు. నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ చూడకముందు రెక్క విప్పించకండి. బాకీ కట్టినా ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. ఆయన ఇవ్వనన్న తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. దాంతోపాటే అడ్వకేట్ కమిషనర్‌తో (కోర్టు నియమించే లాయరుతో) తనిఖీ కోరండి.

ఇక బాడుగ. ప్రైవేటు కేటగిరీలో నమోదైన విమానాన్ని డబ్బుకు తిప్పకూడదు. జనాన్ని ఎక్కించుకోవాలంటే పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నుంచి నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ (టైంటేబుల్ లేకుండా బాడుగకు నడిపే అనుమతి), నేర్పాలంటే శిక్షణ సంస్థగా అనుమతి ఉండాలి. పాలసీ సొంత వాడకానికే అయితే ప్రమాదం జరిగిన రోజు బీమా పనిచేయదు. అనుమతి వచ్చినా కాంట్రాక్టు చట్టం 150వ సెక్షన్ మరవొద్దు. బాడుగకిచ్చిన వస్తువులోని లోపం వల్ల నష్టం జరిగితే, ఆ లోపం మీకు తెలియకపోయినా బాధ్యత మీదే. అందుకే ఇచ్చే ముందు, తెచ్చాక ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు అంకె, రెక్కల అంచులు, టైర్లు రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. పెట్రోలు మాట కూడా ఒప్పందంలో ఉండాలి. ఇలాంటి చిన్న విమానాల్లో వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌కు 10 శాతం ఇథనాల్ వరకే అనుమతి ఉంది, బంకుల్లో దొరికేది 20 శాతం కలిపినది. ఏ ఇంధనం పోయాలో పేరు పెట్టి రాస్తే, మాట తప్పి పోసినవాడి మీద 154వ సెక్షన్ కింద నష్టం అడగొచ్చు.