పాత పల్లె చర్చిలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇంగ్లండ్ పల్లెల్లోని పాత చర్చిలు చూడటానికి వెళ్తున్నాం. కట్టడాన్ని చూసి దాని వయసు పోల్చుకోవచ్చా?

జవాబు: పోల్చుకోవచ్చు. కానీ కిటికీలతో మొదలుపెట్టకండి, బాగా మోసం చేసేవి అవే. 19వ శతాబ్దంలో మరమ్మతుల పేరుతో ఎన్నో చర్చిల పాత కిటికీలు తీసేసి, అదే తీరులో కొత్తవి చెక్కి పెట్టారు. ఆ వరస చూసి కడుపు మండిన కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు సంఘం పెట్టారు.

ముందు మూలలు చూడండి. ఒక పొడవాటి రాయి నిలువుగా, దాని మీద ఒకటి అడ్డంగా, మళ్లీ నిలువుగా పేర్చి ఉంటే అది ఆంగ్లో-శాక్సన్ల పని. ఫ్రాన్స్ నుంచి నార్మన్లు దండెత్తి వచ్చి, అప్పటిదాకా ఇంగ్లండ్‌ను ఏలిన ఆంగ్లో-శాక్సన్లను ఓడించిన 1066కు ముందుదో, ఆ దరిదాపులదో అయి ఉంటుంది. ఎర్ల్స్ బార్టన్ ఊరి చర్చి గంటగోపురం మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత లోపలి కమానులు చూడండి. గుండ్రటి కమాను, లావుపాటి స్తంభాలు, అంచు వెంట వంకర గీతల చెక్కడం ఉంటే నార్మన్ కాలం, సుమారు 1180 వరకు. కొనదేలిన కమాను, సన్నగా ఎత్తుగా ఉన్న కిటికీలు ఆ తర్వాతి వందేళ్లవి. కిటికీలోని నిలువు రాతి పట్టీలు కింది నుంచి కమాను దాకా తిన్నగా సాగితే 1350 దాటిందనుకోండి.

అసలు కథ అతుకుల్లో ఉంటుంది. గోడలో రాళ్ల వరసలు ఒకదానిలోకి ఒకటి కలవకుండా పైనుంచి కిందికి నిట్టనిలువు గీత కనిపిస్తే, అక్కడ ఒక భాగాన్ని తర్వాత తెచ్చి ఆనించారన్నమాట. గోపురం తూర్పు ముఖం మీద, ఇప్పటి కప్పుకు పైన, గుడారం ఆకారంలో రాతి అంచు ఉంటే ఒకప్పుడు అంత ఎత్తున కప్పు ఉండేది. రాయి పాతదైనంత మాత్రాన కట్టడమూ అంత పాతది కాదు. ఎస్కోంబ్ చర్చి 7వ శతాబ్దానిది, దాని రాళ్లు మాత్రం రోమన్ల కోట నుంచి తెచ్చినవి.

ప్రశ్న: సున్నంతో కట్టిన పాత చర్చి గోడకు సిమెంటు పూత వేయించాక చెమ్మ ఎక్కువైంది, రాయి పెచ్చులుగా రాలుతోంది. ఎందుకు?

జవాబు: సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్లీ గాలికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. పూతలో సన్నని బీట పడినా వాన నీరు లోపలికి వెళ్తుంది, బయటికి రాలేదు. ఆ నీటిలోని లవణాలు రాతి పైపొరలో గడ్డకట్టి దాన్ని పొడిచేస్తాయి. చలిదేశాల్లో ఆ నీరే మంచై ఉబ్బి రాయిని పగలగొడుతుంది.

గోడ ముట్టుకునే ముందు చూరు కాలువలు, నీటి గొట్టాలు బాగు చేయించండి. సమాధుల తోటలో శతాబ్దాల పాటు మట్టి పేరుకుని బయటి నేల లోపలి నేల కంటే ఎత్తయి ఉంటే, చెమ్మకు అదీ కారణమే. పునాది లోతు తెలియకుండా మాత్రం తవ్వించకండి. సిమెంటును ఉలి, సుత్తితో నెమ్మదిగా తీయించాలి. గ్రైండర్ పెడితే రాతి అంచులు తెగిపోతాయి. సందుల్ని వాటి వెడల్పుకు రెండింతల లోతున శుభ్రం చేసి, తడిపి, ఒక వంతు సున్నపు ముద్దకు మూడు వంతుల గరుకు ఇసుక కలిపి గట్టిగా నొక్కాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి కొన్నాళ్లు తడి గోనెపట్టాలు కప్పి ఎండ తగలకుండా చూడాలి. తొందరగా ఆరితే పిండిలా రాలిపోతుంది.

లోపలి పాత సున్నపు పొరలను మాత్రం నిపుణులు చూడనిదే గీకించకండి. ఇంగ్లండ్‌లో 16వ శతాబ్దపు మత సంస్కరణల కాలంలో గోడ బొమ్మల మీద వెల్ల వేశారు. ఆ వెల్ల కిందే చాలా బొమ్మలు బతికి ఉన్నాయి.

ప్రశ్న: నార్వేలోని చెక్క చర్చిలు ఎనిమిది వందల ఏళ్లు ఎలా నిలిచాయి?

జవాబు: అంతకు ముందటి వాటి స్తంభాలను నేరుగా మట్టిలో పాతారు, అవి కుళ్లిపోయాయి. తర్వాతి వాటిని రాతి పునాది మీద అడ్డ దూలాలు పరిచి, వాటి మీద నిలబెట్టారు. చెక్కకు మట్టి తడి అందలేదు. బోర్గుండ్ చర్చి అలాంటిదే. మధ్యయుగాల నాటివి ఆ దేశంలో ఇప్పుడు 28 మాత్రమే మిగిలాయి. పైన్ చెట్టు తారు పూత వాటికి ఇప్పటికీ మళ్లీ మళ్లీ వేస్తూనే ఉండాలి.