పాప పుట్టాక నెలకు 3,500 తక్కువ పడుతోంది, ఇప్పుడు పాలసీ కట్టాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా ఆయనకు 31 ఏళ్లు, రైస్‌మిల్లులో అకౌంటెంట్, జీతం 32,000, సగం చేతికే ఇస్తారు. దసరాకు 20,000 బోనస్ వస్తుంది. నాకు 28. ప్రైవేటు స్కూల్లో 14,000కు టీచర్‌గా చేస్తూ కాన్పుకు ముందు మానేశాను. ఫిబ్రవరిలో పాప పుట్టింది, ఇప్పుడు ఐదు నెలలు. ఆపరేషన్ అయితే నా బంగారం ఒక ఫైనాన్స్‌లో కుదువబెట్టి 1,20,000 తెచ్చాం, రూపాయిన్నర మిత్తి. అద్దె 7,000, ఇంటి సామాను, కూరగాయలు 9,000, బైక్ కిస్తీ 3,200 ఇంకా నాలుగు నెలలుంది, చిట్టీ 5,000 (రెండు లక్షలది, 40 నెలలు, 18 కట్టాం), కరెంటు, గ్యాస్, ఫోన్లు 2,000, దేవరకొండ దగ్గర ఊళ్లో ఉండే అత్తమ్మకు 2,000. పాపకు డైపర్లు 1,800, పాలపొడి 1,600, డాక్టరు, మందులు 1,200, సబ్బులు, బట్టలు 900. టీకాలకు ఇప్పటికే 24,000 అయ్యాయి. కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతోంది. తొట్టెలనాడు వచ్చిన చదివింపులు 40,000 బ్యాంకులో ఉన్నాయి, పాపకు గొలుసు చేయిద్దామనుకుంటున్నాం. మా ఆడబిడ్డ భర్త ఏజెంటు, పాప పేరు మీద ఏడాదికి 48,000 చొప్పున 15 ఏళ్లు కడితే 20 ఏళ్లకు 13.5 లక్షలు వస్తాయని, 6 లక్షల బీమా కూడా ఉంటుందని అంటున్నారు. మొదటి పుట్టినరోజుకు చిట్టీ ఎత్తి ఫంక్షన్ హాల్లో 300 మందికి దావత్ ఇద్దామని మా ఆయన పట్టు. నాకైతే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. చాలామంది జీతం ఒక్కటే రాసి ఏం చేయాలని అడుగుతారు. మీ లెక్కలో ఒక్క అంకె తప్పిపోయింది, అది బంగారం మీద మిత్తి. రూపాయిన్నర అంటే నెలకు 1,800. అది కలిపితే పాప ఖర్చు కాకుండానే 30,000 అవుతోంది, మిగిలేది 2,000. పాపకు 5,500 కావాలి. నెలనెలా తక్కువ పడుతున్న ఆ 3,500 కిరాణా కొట్టు ఖాతాలో కనిపిస్తోంది.

చిన్నపిల్లల ఖర్చు అనగానే అందరూ డైపర్లు, పాలడబ్బాల దగ్గరే మాట్లాడతారు. మీ ఇంట్లో పాప మీద నెలకు పెట్టేది 5,500, కానీ ఆగిపోయిన మీ జీతం 14,000. దానిమీద కాన్పు అప్పు, ఆ అప్పు మిత్తి. ఇక ముందు రెండు లక్షల దావత్ ఉంది. మొదటి మూడేళ్లలో ఇల్లు అప్పుల్లోకి జారేది ఈ మూడింటి వల్ల, అందుకే నా సలహా కూడా వీటి చుట్టే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాతి డబ్బు గురించి ఇప్పుడు ఆలోచించకండి, వచ్చే పన్నెండు నెలలు కొత్త అప్పు లేకుండా గడవాలి.

పాలసీ వద్దు. 15 ఏళ్లలో మీరు కట్టేది 7,20,000, ఇరయ్యో ఏడు చివర వచ్చేది 13.5 లక్షలు. వినడానికి దాదాపు రెట్టింపులా ఉంటుంది కానీ ఏడాదికి రాబడి ఎంత పడిందని లెక్కేస్తే ఐదు శాతం కూడా లేదు. అంతకన్నా పెద్ద సంగతి, రేపు మీ ఆయనకు ఏదైనా జరిగితే మీ చేతికొచ్చే 6 లక్షలు ఇప్పటి జీతం లెక్కన పందొమ్మిది నెలలు కూడా రావు. పైగా నెలకు 4,000 చొప్పున ఎక్కడి నుంచి తెస్తారు? రెండేళ్లు కట్టి ఆపేస్తే కట్టినదాంట్లో కొంత పోతుంది. బంధువు కాబట్టి కాదనడం కష్టమని నాకు తెలుసు. ఆయనకే చెప్పండి, అన్నా, మాకు 50 లక్షల టర్మ్ పాలసీ (పొదుపు లేకుండా, మనిషి పోతేనే ఇంటికి డబ్బిచ్చే బీమా) ఇప్పించు అని. 31 ఏళ్ల వయసుకు, పొగతాగే అలవాటు లేకపోతే, ఏడాదికి సుమారు తొమ్మిది వేలల్లో వస్తుంది, 2025 సెప్టెంబరు 22 నుంచి దానిమీద జీఎస్టీ కూడా లేదు. అప్పుడు బంధుత్వమూ నిలుస్తుంది, ఇంటికి అసలైన రక్షణా దొరుకుతుంది. ఒకవేళ మొహమాటానికి ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, పాలసీ కాగితాలు అందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు, కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు.

ఇక్కడ మీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆపింది, జీతం సగం చేతికే ఇస్తారన్నారు. టర్మ్ పాలసీ ఇచ్చే కంపెనీ ఆదాయానికి రుజువు అడుగుతుంది, బ్యాంకులో పడిన జీతాన్నే చూస్తుంది. అంటే 32,000 సంపాదిస్తున్న మనిషి కాగితం మీద 16,000 సంపాదిస్తున్నట్టు ఉంటాడు, రేపు ఇంటి లోనుకు వెళ్లినా ఇదే తిప్పలు. లెక్కలు రాసేది ఆయనే కదా, యజమానిని అడిగి మొత్తం జీతం ఖాతాలో వేయించుకోమనండి, పన్ను పడకపోయినా ఏటా రిటర్న్ దాఖలు చేయమనండి.

ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. ఈఎస్ఐ 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకే, మీ ఆయన అసలు జీతం 32,000 కాబట్టి మీకు రాదు. ఆరోగ్యశ్రీని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, నిజమే. కానీ దానికి కావాల్సిన రేషన్ కార్డుకు ఆదాయ పరిమితి పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, ఊళ్లలో లక్షన్నర, మీ ఆదాయం దాన్ని దాటేసింది, ఆరోగ్యశ్రీని నమ్ముకుని కూర్చోలేం. ముగ్గురికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ పాలసీ ఏడాదికి సుమారు 14,000 అవుతుంది. చాలా కంపెనీలు మూడు నెలలు నిండిన పిల్లల్ని చేర్చుకుంటాయి, మీ పాపకు ఐదు నిండాయి కాబట్టి అడ్డు లేదు. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు డబ్బు రాదు, అందుకే వానాకాలం జ్వరాలు ముదరక ముందే తీసుకోమంటున్నాను. రెండో కాన్పు ఆలోచన ఉంటే, ప్రసూతి ఖర్చుకు ఎన్నేళ్లు ఆగాలో ఇప్పుడే అడగండి, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా ఆపే పాలసీలు ఉంటాయి.

ఈ రెండు ప్రీమియాలు కలిపి 23,000. గొలుసు కోసం ఉంచిన 40,000లోంచి కట్టేయండి. ఆడపిల్లకు బంగారం చేయించాలన్న ఆశ తప్పని నేననను, కానీ చిన్న గొలుసు మీద తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ పోతాయి, పైగా మీ సొంత బంగారమే కుదువలో ఉండగా కొత్త బంగారం కొనడం నాకు సరిగా అనిపించదు. మిగిలిన 17,000 పాప జ్వరానికో, అర్ధరాత్రి హాస్పిటల్ పరుగుకో ఉంచండి, వేరే ఖాతాలో వేసి ఆ ఖాతాకు ఫోన్‌పే తగిలించకండి.

ఇప్పుడు ఆ బంగారం సంగతి. రూపాయిన్నర మిత్తి ఏడాదికి 18 శాతం. అదే బంగారం బ్యాంకులో పెడితే 9, 10 శాతం దగ్గర వస్తుంది, నెలకు 1,800 బదులు 900 చిల్లర. ముందు ఫైనాన్స్ వాళ్లకు కట్టి విడిపించాలి కదా, అంత డబ్బు ఒక్కరోజుకు ఎవరిస్తారు అని మీరు అడగొచ్చు. కొన్ని బ్యాంకులు పాత లోను తామే తీర్చి బంగారం తీసుకుంటాయి, మీకు ఖాతా ఉన్న బ్రాంచిలో అడగండి. కుదరకపోతే పుట్టింట్లో ఒక్కరోజు చేబదులు అడిగి పొద్దున విడిపించి మధ్యాహ్నానికి బ్యాంకులో పెట్టండి. ఫైనాన్స్ కాగితం మీద ముందుగా కడితే ఏమైనా చార్జీ ఉందేమో చూసుకోండి.

టీకాల మీద 24,000 పోయాయి, వాటి గురించి బాధపడొద్దు, పాపకు రక్షణ దొరికింది. ఇక నుంచి మాత్రం ఎంసీపీ కార్డు (టీకాలు రాసే తల్లీబిడ్డల కార్డు) పట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వ కేంద్రానికి వెళ్లండి. మీకు ప్రైవేటులో నొప్పి లేని సూది అని వేసేది ఏ జబ్బులకో, అక్కడి పెంటావాలెంట్, పోలియో టీకాలు కూడా ఆ జబ్బులకే. తేడా ఏమిటంటే జ్వరం, వాపు కాస్త ఎక్కువ ఉండొచ్చు. రోటావైరస్, న్యుమోకోకల్ కూడా అక్కడ ఉచితమే. నవంబరులో తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా నుంచి అక్కడే వేయించండి, ఇదివరకు ఏం వేశారో కార్డులో రాయించుకోండి. ఫ్లూ, ఆటలమ్మ, హెపటైటిస్-ఎ లాంటివి ప్రభుత్వ పట్టికలో లేవు, వాటిలో ఏది నిజంగా అవసరమో మీ పిల్లల డాక్టర్ని సూటిగా అడగండి, మంచి డాక్టరు చెబుతారు.

పాలపొడి నా మాట మీద మానొద్దు, డాక్టరు చెప్పినట్టే చేయండి. ఆరు నెలలు నిండాక ఉగ్గు మొదలైతే డబ్బాలు వాటంతటవే తగ్గుతాయి, ఏడాది దాటాక మామూలు పాలు తాగొచ్చు. మీ వీధి అంగన్‌వాడీలో పాప పేరు రాయించారా? ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, 16 గుడ్లు ఇస్తారు. ఉద్యోగస్తుల ఇళ్లలో అది మనకెందుకులే అంటారు, అలా అనుకోకండి, అది మీ పాప హక్కు. దానికి తోడు బియ్యం, పెసరపప్పు వేయించి పట్టించిన ఉగ్గు, తైద (రాగి) జావ. డబ్బాలో అమ్మే సెరిలాక్ జోలికి పోనక్కర్లేదు. పగలు గుడ్డలు, రాత్రికి ఒక డైపరు అనుకుంటే 1,800లో వెయ్యి మిగులుతుంది. పాలపొడిలో 800, సబ్బులు, బట్టల్లో 400, మిత్తిలో 900. అంతా కలిపి 3,100. ఇంకా 400 తక్కువ ఉంది, కానీ నవంబరు తర్వాత బైక్ కిస్తీ 3,200 ఆగిపోతుంది కదా, అప్పటికి ఇల్లు ఒడ్డున పడుతుంది. ముందు కిరాణా ఖాతా తీర్చండి. అత్తమ్మకు పంపే 2,000 మాత్రం ముట్టుకోవద్దు.

పుట్టినరోజు గురించి మీ ఆయనతో గొడవ పెట్టుకోకుండా, ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. హాలు, స్టేజీ బెలూన్లు, ఫోటోలు, వీడియో, 300 మందికి మటన్, రిటర్న్ గిఫ్టులు. చదివింపుల్లో సగం తిరిగొస్తుంది అని ఆయన అంటారు, అందరూ అదే అంటారు. కానీ చదివించిన ప్రతి వెయ్యీ వాళ్లింటి ఫంక్షన్‌కు మీరు తిరిగి పెట్టాల్సిందే, అది ఎవరూ నోట్ రాయించుకోని అప్పు. పుట్టువెంట్రుకలు ఎలాగూ తీయిస్తారు, రెండూ కలిపేయండి. పొద్దున చెర్వుగట్టు గుడి దగ్గర వెంట్రుకలు ఇచ్చి, ఊళ్లో ఇంటి ముందు టెంటు వేసి, ఒక యాటను కోసి దగ్గరివాళ్లు నలభై, యాభై మందికి అన్నం పెట్టండి. దసరా బోనస్ 20,000 ఎంతో దావత్ అంతే, దానికి మించి ఒక్క రూపాయి కూడా వద్దు.

చిట్టీ ఇప్పుడు ఎత్తితే పాటలో ఎక్కువ వదులుకోవాలి, చివరికి వచ్చేకొద్దీ దాదాపు పూర్తి డబ్బు చేతికొస్తుంది. అది మీ బంగారం విడిపించే డబ్బు అనుకుని ముట్టుకోకుండా ఉంచండి, నిజంగా ప్రాణం మీదికొస్తేనే మధ్యలో ఎత్తండి. అయితే అది రిజిస్టర్ అయిన చిట్టీయేనా, ఎవరింట్లోనో నడుస్తున్నదా అన్నది ఈ వారమే తెలుసుకోండి. ఇంటి చిట్టీ అయితే, పాట కాస్త ఎక్కువ పోయినా, త్వరగా ఎత్తేసి బంగారం అప్పులో కట్టడమే నేను కోరుకునేది. ఆడపిల్ల పేరున పొదుపు చేసే సుకన్య ఖాతా పోస్టాఫీసులో 250 రూపాయలతో తెరిచి ఉంచండి, పాపకు పదేళ్లలోపు ఎప్పుడైనా తెరవొచ్చు కాబట్టి తొందరేం లేదు. 2024 జనవరి నుంచి 8.2 శాతం ఇస్తున్నారు. మీ జీతం మొదలయ్యాక, ఖాతాకు 15 ఏళ్లు నిండేదాకా నెలకు వెయ్యి వేసినా, ఇదే వడ్డీ ఉంటే 21 ఏళ్లకు సుమారు 5 లక్షలవుతుంది.

ఇక మీ ఉద్యోగం. 14,000లో క్రెష్‌కు 5,000, ఆటోకు 1,500 పోతే మిగిలేది ఎంత, దానికోసం పాపను వదిలి వెళ్లాలా అని ఇంట్లో అంటున్నారేమో. ఆ లెక్క తప్పు. టీచర్ల పిల్లలకు చాలా ప్రైవేటు స్కూళ్లు ఫీజులో రాయితీ ఇస్తాయి, నర్సరీకి 30, 40 వేలు అడిగే రోజుల్లో అది కూడా జీతమే. పైగా ఐదేళ్లు ఇంట్లో ఉండి వెళ్తే మళ్లీ 9, 10 వేల దగ్గర మొదలుపెట్టాలి. వచ్చే జూన్‌కు పాపకు పదహారు నెలలు నిండుతాయి. అత్తమ్మను రమ్మనండి, కానీ ఊరికే రమ్మనకండి. పత్తి ఏరే రోజుల్లో ఆమెకు కూలి డబ్బులొస్తాయి, ఇక్కడికొస్తే అవి పోతాయి. ఇప్పుడు పంపే 2,000కు తోడు ఇంకో 3,000 ఆమె చేతిలో పెట్టండి, పండక్కి ఊరికి పోయి రానివ్వండి. ఆ 3,000, ఆటో 1,500 పోను మీకు 9,500 మిగులుతుంది. సుకన్యకు 1,000, నర్సరీ ఫీజుకు బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ 2,000, బంగారం అసలుకు 5,000, మిగిలిన 1,500 ఆ 17,000 ఖాతాలో. మే నెల జీతం ఇవ్వని స్కూలైతే ఆ నెల కోసం ఏప్రిల్‌లోనే కొంత పక్కన పెట్టుకోవాలి.

స్కూళ్లు జూన్‌కు కావాల్సిన టీచర్లను ఫిబ్రవరి, మార్చిలోనే ఖాయం చేసుకుంటాయి కాబట్టి సంక్రాంతికి ముందే మీ పాత స్కూలు వాళ్లను కలవండి. జీతం ఎంత, మేలో ఇస్తారా లేదా, పీఎఫ్ కడతారా, పాపకు ఫీజులో ఎంత తగ్గిస్తారు, ఈ నాలుగూ అడిగి నియామక పత్రంలో రాయించుకోండి.