విడాకులు తీసుకుంటున్నాం. కారూ లోనూ నా పేరు మీద ఉన్నాయి, కారేమో ఆయన దగ్గర ఉంది. ఏం చేయాలి?

కిస్తీలు తనే కడతానని మీ వారు అంటున్నారు, అంతటితో వదిలేయమని మీ ఇంట్లోవాళ్ళు అంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. ఒప్పుకోకండి. ఆయన మంచివారే కావచ్చు, నిజంగానే కట్టాలని అనుకుంటూ ఉండొచ్చు, అయినా ఒప్పుకోకండి. సరిగ్గా ఇదే మాటకి తలూపి నేను ఏడాదిపాటు కంటినిండా నిద్రపోలేదు.

మా కారు 2021 దసరాకి కొన్నాం. అప్పు సరిగ్గా తీరుస్తామా లేదా అని బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు, క్రెడిట్ కార్డు బాకీల వల్ల ఆయనది అప్పటికే పాడైపోయింది, నాది బాగుంది, పైగా నాకు నెలనెలా జీతం స్లిప్ వస్తుంది. అందుకని లోను నా పేరు మీద తీసుకున్నాం, లోను ఎవరిదో ఆర్సీ వాళ్ళదే కాబట్టి బండీ నా పేరు మీదే వచ్చింది. 7,20,000 రూపాయలు, ఐదేళ్ళు, నెలకి 15,300. నడిపేది మాత్రం ఆయనే, నాకు లైసెన్సు కూడా లేదు. 2023 ఫిబ్రవరిలో పాపను తీసుకుని అమ్మావాళ్ళింటికి వచ్చేశాక పెద్దమనుషులు కూర్చున్నారు. గాజులు ఎన్ని తులాలు, ఇత్తడి బిందెలు ఎన్ని, ఫ్రిజ్ ఎవరి డబ్బుతో కొన్నారు అని సాయంత్రం దాకా లెక్కలు తేల్చినవాళ్ళు కారు దగ్గరికి వచ్చేసరికి "బండి అబ్బాయి దగ్గరే ఉంటుంది, ఈఎంఐ అబ్బాయే కడతాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తెల్లకాగితం మీద రాసి సంతకాలు పెట్టించి, భోజనాలు చేసి వెళ్ళిపోయారు. ఆస్తి పంచినట్టే అప్పు కూడా పంచాలని అక్కడున్న పదిమందిలో ఒక్కరికీ తోచలేదు. ఇప్పటికీ నాకు ఆ కోపం తగ్గలేదు.

మొదటి మూడు నెలలు ఐదో తారీఖుకల్లా ఆయన నా అకౌంటులో డబ్బు వేశారు. తర్వాత పదో తారీఖు అయింది, ఆ తర్వాత సగమే వచ్చింది, జూలైకి ఆగిపోయింది. బ్యాంకు మాత్రం నా అకౌంటులోంచి పట్టుకోవడం ఆపలేదు. ఫాస్టాగ్ కూడా నా అకౌంటుకే ముడిపడి ఉంది. నేను స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుకుంటూ ఉంటే ఫోను టింగుమనేది, పంతంగిలో టోల్ కట్ అయింది, కాసేపటికి కొర్లపహాడ్, ఆ తర్వాత చిల్లకల్లు, కీసర. ఆయన విజయవాడ వెళ్తున్నారన్నమాట. మనసులోంచి తీసేద్దామనుకున్న మనిషి ఎక్కడ తిరుగుతున్నాడో గంట గంటకీ నాకు తెలియజేసేవి ఆ మెసేజులు. దాని బాధ ఏంటో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం హైవే మీది పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. నంబరు చదివి, "ఈ బండి మీదేనా అమ్మా?" అన్నారు. నాన్నా నేనూ బస్సెక్కి వెళ్ళేసరికి రాత్రి తొమ్మిదయింది. స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద మా కారు ఉంది. ఎడమవైపు లైటు పగిలిపోయింది, బంపరు ఊడి ఒక పక్కకి వేలాడుతోంది. వెనక అద్దానికి పాప కోసం నేను అంటించిన కుందేలు బొమ్మ ఎండపరదా మాత్రం అలాగే ఉంది. ఆయన గుద్దింది పాలు పోసే అతని టీవీఎస్ బండిని. కాలు విరిగి అతను ఆసుపత్రిలో ఉన్నాడు. అతని భార్య బెంచీ మీద ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, నన్ను చూసి లేచి నిలబడి "ఓనరమ్మ మీరేనా?" అంది. కాదని ఎలా అనను? ఆరు నెలలుగా నేను ఆ కారు ఎక్కలేదమ్మా అని చెప్తే ఆమెకేం ఒరుగుతుంది?

ఆ సమయంలో బండి ఎవరు నడిపారో ఓనరుగా నేను రాసివ్వాలన్నారు. అది చట్టంలోనే ఉంది, మోటారు వాహనాల చట్టం 133వ సెక్షను. దాంతోపాటు కాపీ జత చేద్దామని పెద్దమనుషులు రాయించిన ఆ తెల్లకాగితం తీసి చూపిస్తే ఎస్సై గారు చదివి, మర్యాదగానే, "ఇది మీ ఇంటి ఒప్పందమమ్మా, మాకు ఆర్సీలో ఎవరుంటే వాళ్ళే ఓనరు" అన్నారు. తర్వాత మా లాయరుగారూ అదే చెప్పారు. బండి చేతులు మారినా ఆర్సీలో పేరు మారకపోతే యాక్సిడెంటు పరిహారం బాధ్యత ఆర్సీలో ఉన్నవాళ్ళదేనని 2018లో సుప్రీంకోర్టే తీర్పిచ్చిందట. పరిహారం కేసులో నాకూ నోటీసు వచ్చింది. నన్ను కాపాడింది ఒక్కటే, మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కొన్నప్పుడే తీసుకోవాలి. మా కారు రిపేరుకి వర్తించే భాగం ఏడాదికే అయిపోయింది, ఆయన రెన్యువల్ చేయించలేదు, కానీ థర్డ్ పార్టీ 2024 అక్టోబరు దాకా ఉంది. అది కూడా లేకపోయి ఉంటే ఆ పాలబ్బాయి కాలికి నా జీతంలోంచి కట్టేదాన్ని. అతనికి న్యాయంగా రావలసిందే అది, కాదనను, కానీ స్టీరింగు పట్టుకున్నది నేను కాదు కదా.

బ్యాంకువాళ్ళ దగ్గరికి వెళ్ళి లోను ఆయన పేరు మీదకి మార్చమంటే నవ్వి ఊరుకున్నారు. మీ విడాకుల కాగితంలో ఏం రాసుకున్నా, కోర్టు డిక్రీలో ఏమున్నా, బ్యాంకు అందులో పార్టీ కాదు కాబట్టి సంతకం పెట్టినవాళ్ళనే అడుగుతుంది. ఆయనకి కారు అంత కావాలంటే తన పేరు మీద కొత్త లోను తెచ్చుకుని మీది క్లోజ్ చేయాలి, ఆ తర్వాతే ఆర్సీ మార్చుకోవాలి. అది కుదరకపోతే బండి మీ చేతికి రావాలి. మధ్యేమార్గం లేదు. నేను వందమందికైనా ఇదే చెప్తాను.

నా విషయంలో పరస్పర అంగీకారంతో విడాకుల పిటిషన్ తయారుచేసేటప్పుడు లాయరుగారు కారుకి విడిగా ఒక పేరా రాయించారు, ఛాసిస్ నంబరు, లోను నంబరు, ఏ తేదీకి అప్పగించాలో అన్నీ. అప్పగించిన రోజు టైమూ, మీటరు రీడింగూ వేసి ఇద్దరం సంతకాలు చేశాం. డిసెంబరులో పోలీసులు చలాన్ల మీద రాయితీ ఇచ్చినప్పుడు ఆయన చేసిన ఓవర్‌స్పీడు చలాన్లన్నీ నేనే కట్టాను. 2024 జనవరిలో కారు 5,10,000కి అమ్మాను, బాకీ 4,40,000 దాకా ఉంది, క్లోజింగ్ చార్జీలు, లాయరు ఫీజు పోను పెద్దగా మిగల్లేదు. లోను తీరిపోయిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 ఆర్టీఓలో ఇచ్చి ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న మాట, కొట్టేయించాలి, చాలామంది ఇది మర్చిపోతారు. బండి పేరు మార్పుకి ఇచ్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి డబ్బు తీసుకుని ఇంటికొచ్చేయకండి, కొన్నవాళ్ళ పేరు ఎక్కిందా లేదా అని ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూడండి. నేను రోజూ చూసేదాన్ని, పేరు మారిన రోజు పాపకి జిలేబీ కొనిపెట్టాను.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. మా పిన్ని కూతురి పెళ్ళికి బాబాయి కారు కొని ఆర్సీ అల్లుడి పేరు మీద పెట్టించారు. పుట్టింటివాళ్ళు అమ్మాయికి ఇచ్చినది ఆమె స్త్రీధనమే, సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది, కానీ ఆర్సీలో అల్లుడి పేరుంటే అది అమ్మాయికిచ్చిందని ఎలా రుజువు చేస్తారు? ఆ పిల్ల ఇప్పుడు పాత బ్యాంకు స్టేట్‌మెంట్ల కోసం తిరుగుతోంది. ఆడపిల్లల తండ్రులకి దండం పెట్టి చెప్తున్నాను, ఇచ్చేదేదో పిల్ల పేరు మీదే ఇవ్వండి.

మీ కారు ఎప్పుడు కొన్నారో రాయలేదు. మూడేళ్ళు దాటి ఉంటే మొదట తీసుకున్న థర్డ్ పార్టీ అయిపోయి ఉంటుంది. లాయరు సంగతి రేపు చూసుకోవచ్చు, ముందు ఆ పాలసీ తీసి తేదీ చూడండి. అయిపోయి ఉంటే ఈ రాత్రికే మీ డబ్బుతో కట్టేయండి, ఆయన కడతారేమోనని ఆగకండి.