గాజుల కొట్టు తెరుస్తున్న బిడ్డకు

బిడ్డా,

లాడ్ బజార్ లక్క గాజులు ఆన్‌లైన్‌లో అమ్ముతావట, మీ నాన్న ఫోన్‌లో గొప్పగా చెప్పాడు. నాకూ గొప్పగానే ఉంది. కానీ పది రూపాయలు తగ్గించమంటే ఇరవై తగ్గించే పిల్లవు నువ్వు. అందుకే రాస్తున్నా.

కొట్టుకు వేరే కరెంట్ అకౌంటు, వేరే ఫోన్ నంబరు పెట్టుకో. వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

చిన్న వ్యాపారులు ఎప్పటినుంచో చేస్తున్న తప్పు ఒకటుంది, డబ్బు కట్టామని కొన్నవాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపడం. పచ్చ టిక్కు, చెల్లింపును గుర్తుపట్టే పన్నెండంకెల యూటీఆర్ నంబరు అన్నీ అచ్చుగుద్దినట్టు చూపించే నకిలీ యాప్‌లున్నాయి. నీ బ్యాంకు యాప్ తెరిచి, ఖాతాలో ఆ మొత్తం పడిందని చూశాకే పార్శిల్ కదలాలి. మెసేజ్ వచ్చింది కదా అనకు. బ్యాంకు మెసేజ్ అక్షరాల పేరు మీద వస్తుంది, పదంకెల నంబరు నుంచి వచ్చిందంటే దొంగదే. వెనకే ఫోనొస్తుంది: "అమ్మా, 1,800 కొట్టబోయి 18,000 కొట్టాను, ఆస్పత్రిలో ఉన్నాం, మిగతాది వెంటనే వేయండి." అక్కడ కరిగిపోతావేమోనని నా భయం. వేశావో, రాని డబ్బుకు నీ డబ్బు పోయినట్టే. నిజంగానే ఎక్కువ పడినా నువ్వు తిప్పి పంపకు. ఆయన్ని వాళ్ల బ్యాంకులో చెప్పుకోమను, నువ్వూ మీ బ్యాంకుకు రాసిపెట్టు. అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము కావచ్చు. పోగొట్టుకున్నవాళ్లు ఫిర్యాదు చేస్తే, డబ్బు వెళ్లిన దారంతా వెతుకుతారు. నీ ఖాతా ఫ్రీజ్ కావచ్చు. ఇంటి ఖర్చుల ఖాతా వేరుగా ఉంచమన్నది అందుకే.

తిరుమలగిరి కంటోన్మెంట్ నుంచి ఆర్మీ ఆఫీసర్ని, పెళ్లికి ఇరవై సెట్లు కావాలి, డబ్బు రావాలంటే ఈ క్యూఆర్ స్కాన్ చేయండి అంటాడొకడు. డబ్బు రావడానికి స్కాన్ చేసి పిన్ కొట్టే పనే లేదు, డబ్బు పంపేటప్పుడే పిన్ కొట్టాలి. ఆర్డర్ లిస్టని ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, పంపితే తెరవకు. ఇన్‌స్టాల్ చేసి అనుమతులిస్తే నీ ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి.

కొనేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో వేస్తే ఒకరి నంబరు అందరికీ తెలుస్తుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకో, మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వెళుతుంది. ఎవరైనా కార్డు ఫొటో పంపితే వెంటనే తుడిచెయ్, డైరీలో అసలే రాయకు. కార్డు నంబర్లు దుకాణాలు దాచుకోవడం 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు ఆపేసింది. కార్డు మీద డబ్బు తీసుకునే పని పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థ, చూసుకుంటుంది. ప్యాకింగ్ చేసే అబ్బాయికి చిరునామా చాలు, మొత్తం లిస్టు ఎందుకు?

మోసం జరిగితే సిగ్గుపడి కూర్చోకు, మీ నాన్న తిడతాడని దాచకు. ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్, ఆలస్యమైతే డబ్బు నాలుగు ఖాతాలు మారిపోతుంది. తర్వాత నాకు చెయ్, ఎంత రాత్రైనా సరే.

అన్నట్టు, నిన్న స్టేటస్‌లో పెట్టిన పార్శిల్ ఫొటో ఇప్పుడే తీసెయ్. కుషాయిగూడ ఆమె ఇంటి నంబరు, ఫోన్ నంబరు దానిమీద కనబడుతున్నాయి.

మీ పెద్దనాన్న