సంఘంలో ఒకలా, లోపల ఒకలా ఉంటున్నాను. నేను వేషధారినా?

చర్చి ఆరాధనలో అందరితో కలిసి పాడుతున్నా లోపల ఏమీ అనిపించడం లేదు, నేను వేషధారినా అని అడిగారు. ఈ సంగతి సంఘంలో చెప్పేయాలా, పాడటం మానేయాలా అని కూడా అడిగారు. నాకు జరిగింది చెప్తాను. అందులో నా పరువేమీ మిగలదు, అయినా సరే.

కొన్నేళ్ల క్రితం మా అమ్మ ఆస్పత్రి పాలైంది. కోలుకోవడానికి టైమ్ పడుతుందని డాక్టరు చెప్పారు. ప్రార్థన చేశాం, మందులు వాడాం, కోలుకుంది. సంఘంలో సాక్ష్యం చెప్పాను, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పాను. మొదటిసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాను, ఆమేన్‌లు పెద్దగా రాలేదు. రెండోసారి ఇంకో కూడికలో చెప్పినప్పుడు డాక్టరు "కష్టమే" అన్నారు. నాలుగోసారికి డాక్టర్లందరూ చేతులెత్తేశారు! హాలంతా హల్లెలూయా. ఇంటికొచ్చాక అమ్మ ఒక్కటే అడిగింది: "డాక్టర్లు చేతులెత్తేశారని నాకెవరూ చెప్పలేదేరా?"

అబద్ధం చెప్పాలని నేను అనుకోలేదు. దేవుణ్ణి మహిమపరుస్తున్నాననే అనుకున్నాను. ఆయన చేసింది చాలనట్టు నేను కాస్త కలిపానన్నమాట. బైబిల్లో అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అననీయ, సప్పీరా అనే భార్యాభర్తల కథ చిన్నప్పటి నుంచి వింటున్నదే. పొలం అమ్మిన డబ్బులో కొంత ఉంచుకోవడం తప్పని యేసు శిష్యుడు పేతురు అనలేదు. అమ్మాక కూడా అది నీ వశంలోనే ఉంది కదా అన్నాడు. కొంత తెచ్చి ఇదే మొత్తం అన్నట్టు పెట్టడం దగ్గరే వాళ్లు దొరికిపోయారు. అమ్మ అలా అడిగాక ఆ అధ్యాయం చదవడానికి నాకు చెమటలు పట్టాయి.

సువార్తల్లో వేషధారి అని ఉన్న చోట గ్రీకులో ఉన్న మాట నాటకంలో నటుడికి వాడేది. నటుడికి ముందు కావాల్సింది చూసేవాళ్లు. మత్తయి 6లో యేసు తప్పుపట్టింది కూడా మనుషులకు కనబడాలని చేసే ప్రార్థననే. కాబట్టి ఏమీ అనిపించకపోయినా పాడటం వేషం కాదని నా నమ్మకం. ఏమీ అనిపించకపోయినా ఉప్పొంగిపోతున్నట్టు పక్కవాళ్లకు కనబడేలా చూసుకోవడం వేషం. తేడా సన్నదే, కానీ పాడేవాడికి తెలుస్తుంది.

అదే అధ్యాయంలో గదిలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థించమని ఉంది. నేను తలుపేసుకున్నాక కూడా నటిస్తున్నానని చాలా ఆలస్యంగా గమనించాను. ఒంటరిగా కూర్చుని "కృపగల మా పరలోకపు తండ్రీ, నిన్ను స్తుతించుచున్నాము, ఘనపరచుచున్నాము" అనేవాణ్ణి. గదిలో ఉన్నది నేనొక్కణ్ణే, ఆ "మేము" ఎవరో మరి! ఆ భాష తప్పని అనడం లేదు, ఆ మాటల్లోనే ప్రాణం పెట్టి ప్రార్థించే పెద్దవాళ్లను చూశాను. నా నోట్లో మాత్రం అది అరువు చొక్కాలా ఉండేది. ఒక రాత్రి మామూలు మాటల్లో, "నాకు నీ మీద కోపంగా ఉంది. అమ్మ విషయంలో విన్నావు, ఉద్యోగం విషయంలో ఎందుకు వినలేదు?" అన్నాను. అనేసి భయపడ్డాను కూడా.

ఆ తర్వాతే 88వ కీర్తన సరిగ్గా చదివాను. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది. ఆ తర్వాత స్తుతీ లేదు, ఓదార్పూ లేదు. అయినా 150 కీర్తనల్లో దాన్నీ ఉంచారు. యోబు గ్రంథం చివర్లో దేవుడు తప్పుపట్టింది కష్టాల్లో తనతో గొడవపెట్టుకున్న యోబును కాదు, తన తరఫున చక్కగా వాదించిన స్నేహితులను. నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి యుక్తమైనది మాట్లాడలేదు అన్నాడు.

ఒక జాగ్రత్త. ఇదంతా తెలిశాక నేను కొన్నాళ్లు భరించలేనివాడిగా తయారయ్యాను. ఎవరు కళ్లు మూసుకుని పాడినా నటిస్తున్నారనే అనుకునేవాణ్ణి. లూకా 18లో, నేను ఇతరుల్లాంటివాణ్ణి కానని ప్రార్థించే నిష్ఠాపరుడు పరిసయ్యుడు, పాపినని గుండె బాదుకునే పన్ను వసూలుదారు సుంకరి ఉపమానం ఉంది కదా, నేను సుంకరి పక్కన నిలబడి పరిసయ్యుడి ప్రార్థన చేస్తున్నాను: దేవా, నేను ఈ వేషధారుల్లాంటివాణ్ణి కాను, నీకు కృతజ్ఞతలు.

సాక్ష్యం సంగతి పాస్టర్ గారికి చెప్పి, ఆ తర్వాత కూడికలో అందరి ముందు సరిచేశాను. రెండు నిమిషాల పని. కొందరు మొహం తిప్పుకున్నారు, ఒకాయన విశ్వాసం బలహీనపడుతుందన్నారు. అంతకు మించి ఏమీ కాలేదు.

మీ సంగతి అందరికీ చెప్పాలా అంటే, అక్కర్లేదు. నేను సరిచేసింది అందరి ముందు చెప్పిన అబద్ధాన్ని. మీరు అబద్ధం చెప్పలేదు, మీకు ఎండిపోయినట్టుంది, అంతే. మదర్ థెరిసా 1997లో చనిపోయాక, ఆవిడ తన ఆత్మీయ గురువులకు రాసుకున్న ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి. దేవుడు తనలో లేనట్టే ఉందని ఏళ్ల తరబడి రాశారు. ఆ ఉత్తరాలు నాశనం చేయమని కూడా కోరారు. లోకానికి చెప్పలేదు గానీ చెప్పుకోవడానికి కొందరిని పెట్టుకున్నారు. మీకూ అలాంటి ఒక్కరు చాలు. నేను ఇదంతా ఒక అన్నతో చెప్పుకుంటే ఆయన బైబిలు వచనాలేమీ చెప్పలేదు, "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగారు. పట్టడం లేదు. ముందు డాక్టర్ని కలవమన్నారు, మంచి సలహా. మీకు ప్రార్థన ఒక్కటే కాకుండా అన్నీ రుచి లేనట్టుంటే మీరూ కలవండి.

పాడటం నేను మానలేదు. నోరు రాని చరణం దగ్గర ఊరుకుని పక్కవాళ్లు పాడుతుంటే వింటాను. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రి మార్కు 9లో ఉన్నాడు. ఆయన రెండూ ఒకే గుక్కలో అన్నాడు, యేసు ఆయన కొడుకును బాగుచేశాడు.

సాక్ష్యం చెప్పమని ఇప్పటికీ పిలుస్తుంటారు. వెళ్లేముందు ఒకసారి అమ్మకు వినిపిస్తాను.