బానెట్ కోయించే ముందు జాబ్ కార్డ్ రాయించుకోండి

ప్రశ్న: నాది ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. కొని ఏడాదిన్నర అయింది, వారంటీ ఇంకా ఉంది. ఇసుకలోనో, రాళ్ల ఎత్తుల మీదో లో గేర్‌లో పావుగంట నడిపితే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కుతోంది. బానెట్‌కు లూవర్లు (వేడి గాలి బయటికి పోయే చీలికలు) కోయించమని, వెనక అంచు కింద వాషర్లు వేసి కాస్త ఎత్తమని, రేడియేటర్‌కు అదనంగా ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించమని మెకానిక్ అంటున్నారు. గ్రిల్ ముందు లైట్ బార్ ఇప్పటికే ఉంది. ఇవన్నీ చట్టప్రకారం తప్పా? వారంటీ, ఇన్సూరెన్స్ పోతాయా?

జవాబు: ఈ మూడు పనులూ చట్టం దృష్టిలో ఒకటి కావు. వాటి సంగతికి వచ్చే ముందు మీరు అడగని మాట ఒకటి చెప్పాలి. ఇలాంటి దారుల కోసమే అమ్మిన బండి, వారంటీలో ఉండగానే ఆ దారుల్లో వేడెక్కుతోందంటే అది కంపెనీ ఉచితంగా సరిచేయాల్సిన లోపం కావచ్చు. బానెట్ మీద కట్టర్ పడిందంటే ఆ వాదన బలం సగానికి పడిపోతుంది. 'మీరు మార్పులు చేయించుకున్నారు, మాకు సంబంధం లేదు' అని చెప్పే అవకాశం వాళ్లకు మీరే ఇచ్చినట్టవుతుంది.

అందుకే ముందు లైట్ బార్ తీసేయండి. రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న బురద కడిగించి, అదే దారిలో మళ్లీ నడిపి చూడండి. చాలా బళ్లలో గాలికి అడ్డుపడేవి ఈ రెండే. అప్పటికీ ముల్లు ఎక్కితే మీటర్ ఫొటో తీసి, బండిని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అక్కడ జాబ్ కార్డ్‌లో (మీ ఫిర్యాదు, చేయాల్సిన పని రాసుకునే కాగితంలో) 'జనరల్ చెకప్' అని రాసి పంపేస్తారు. ఒప్పుకోకండి. లో గేర్‌లో ఎన్ని నిమిషాలకు ముల్లు ఎక్కింది, ఏసీ వేసి ఉందా లేదా అన్నవి మీ మాటల్లోనే రాయించి, కాపీ తీసుకోండి. ఫ్యాన్, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, కూలెంట్ పరీక్షించిన ఫలితం కూడా రాతపూర్వకంగా అడగండి. రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే నోటిమాట నిలబడదు, ఈ కాగితమే నిలబడుతుంది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, బళ్ల మార్పుల మీద వచ్చిన జయచంద్ర కేసులో దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఎ(4) చేరింది: అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

లూవర్లు కోస్తే ఆర్‌సీలో ఇంజిన్ నంబరో, బాడీ రకమో మారదు కదా అని వాదించవచ్చు. ఆ వాదనలో పస ఉంది, నేనూ చేస్తాను. కానీ చెక్‌పోస్టు దగ్గర అధికారి చూసేది కోసిన బానెట్‌ను. తయారీదారు ఇచ్చిన రూపం మారిందని ఆయన కేసు రాస్తే, మీ వాదన వినిపించాల్సింది కోర్టులో. తప్పదనుకుంటే పాత బానెట్ దాచి, వేరే బానెట్ మీద పని చేయించాలి. అదీ ముందుగా ఆర్‌టీఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగాకే.

వాషర్లు మాత్రం వద్దు. బండి వేగం అందుకున్నప్పుడు ముందు అద్దం కింది అంచు దగ్గర గాలి ఒత్తిడి పెరుగుతుంది. వేడి గాలి బయటికి పోవాల్సిన ఆ సందులోంచి గాలి లోపలికే తోసుకొస్తుంది. సాధారణంగా క్యాబిన్‌లోకి గాలి తీసుకునే దారి కూడా అక్కడే ఉంటుంది కాబట్టి ఇంజిన్ పొగ మీరు కూర్చున్న చోటికి రావచ్చు. బోల్టులు వదులై బానెట్ లేచి ఎవరికైనా దెబ్బ తగిలితే, అజాగ్రత్త మీదేనని చూపించడం ఎదుటి లాయరుకు చాలా తేలిక.

ఫ్యాన్ విషయంలో నాకు అంత భయం లేదు. ఆర్‌సీ వివరాల్లో అది దేన్నీ మార్చదు. భయమల్లా వైరింగ్ గురించే. రిలే, ఫ్యూజ్ లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగితే, మంటలు వచ్చినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు చూసేది ఆ వైరునే. బిగించాక బిల్లుతో సహా బీమా కంపెనీకి రాసి, పాలసీలో ఎండార్స్‌మెంట్ (ఆ మార్పును చేర్చిన రాత) అడగండి. ఫ్యాన్‌కు సంబంధం లేని దొంగతనం లాంటి నష్టానికి క్లెయిమ్ మొత్తం కొట్టేస్తే పోరాడవచ్చు. ఇంజిన్ దగ్గర పుట్టిన మంటకు, చెప్పకుండా పెట్టిన ఫ్యాన్‌కు మాత్రం లంకె పెట్టడం వాళ్లకు కష్టం కాదు. వారంటీ మీదా దీని ప్రభావం ఉండవచ్చు కాబట్టి సర్వీస్ సెంటర్ అభిప్రాయం ఈమెయిల్‌లో తీసుకోండి.

'రోడ్డెక్కను, ఇసుకలోనే తిప్పుతాను' అనుకుంటున్నారేమో. రిజిస్ట్రేషన్ ఉండాలనే సెక్షన్ 39 బహిరంగ స్థలంతో పాటు 'మరే ఇతర చోటు' అని కూడా అంటుంది. ఊరి బయట నడిపినంత మాత్రాన చట్టం వర్తించకుండా పోదు.

సర్వీస్ సెంటర్ లోపం లేదని చేతులెత్తేస్తే, జాబ్ కార్డుల కాపీలు జతచేసి కంపెనీకి, డీలరుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదుకు గడువు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లు. మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. బండిని నిపుణులతో పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరండి. ఆ పరీక్ష ముగిసేదాకా బానెట్‌ను ఉన్నది ఉన్నట్టు ఉంచండి.